మందు ఎవరికి పడదు? రోగులు కలబోసుకున్న డీఎన్‌ఏ ఎంతవరకు చెబుతుంది



ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతిలో మాట్లాడమంటే ఆయన కనిపెట్టిన మందుల జాబితా చదివి, నోబెల్ రాలేదే అని నిట్టూర్చి దిగిపోవడం మనకు అలవాటైంది. ఈసారి ఆ పని పెట్టుకోను. ఒక మందు తయారయ్యాక, దాన్ని మింగినవాళ్ళలో కొందరికి మాత్రమే ఎందుకు వికటిస్తుందన్న ప్రశ్నను తీసుకుంటాను. అది ఆయన మందులను కూడా వెంటాడిన ప్రశ్నే.

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక వ్యాసం ప్రచురించారు. రక్తక్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గిందన్నది దాని సారాంశం. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి బృందం చేసి పంపినది. అది నోట్లో పుళ్ళు తెచ్చిపెడుతుందని అప్పుడే తెలిసింది. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. ఆ మందునే కాస్త మార్చి చేసిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ ప్రపంచవ్యాప్తంగా లక్షల మంది కీళ్లవాతానికి వాడుతున్నారు. కొందరికి పదేళ్ళు వేసుకున్నా ఏమీ కాదు. కొందరికి నెల తిరక్కుండానే నోరు పూస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి. ‘అందరికీ పడే మందు నాకే ఎందుకు పడలేదు డాక్టరుగారూ?’ అని అడిగితే మనం చెప్పే జవాబు ‘ఒక్కొక్కరి ఒంటి తత్వం’ అని. జవాబు తప్పని కాదు. రోగికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

కొందరు రోగులు ఆ జవాబుతో ఆగిపోలేదు. తమ డీఎన్‌ఏ తామే చదివించుకుని, తమలాంటి బాధితులను వెతికి పట్టుకుని, అందరి ఫలితాలూ ఒకచోట కలబోసి, ‘మనందరిలో ఉండి మిగతావాళ్ళలో లేనిదేమిటి?’ అని చూడటం మొదలుపెట్టారు. అమెరికా, యూరప్‌లలో పదిహేనేళ్ళుగా ఈ ప్రయత్నాలు జరుగుతున్నాయి. వాటిని వెక్కిరించిన డాక్టర్లూ ఉన్నారు, నెత్తిన పెట్టుకున్న పత్రికలూ ఉన్నాయి. నేను రెండు వైపులా లేను. ఎందుకు లేనో చెప్పడమే ఈ ఉపన్యాసం.

ముందు సరంజామా సంగతి. 23అండ్‌మీ అనే కంపెనీ 2006లో కాలిఫోర్నియాలో పుట్టింది. 2007లో దాని పరీక్ష ధర 999 డాలర్లు. 2012 చివరికి 99 డాలర్లకు దిగింది. గొట్టంలో ఉమ్మి వేసి పోస్టులో పంపితే కొన్ని వారాలకు ఫలితం వస్తుంది. కంపెనీ రంగురంగులుగా ఇచ్చే నివేదిక ఒకటి. దాని వెనకనున్న అసలు సమాచారం ఒక ఫైలుగా దించుకోవచ్చు. విద్యార్థులు ఎప్పుడైనా ఆ ఫైలు తెరిచి చూడాలి. బొమ్మలేమీ ఉండవు. నాలుగు నిలువు గడులు, సుమారు 6 లక్షల వరసలు. మొదటి గడిలో ఆ చోటు గుర్తింపు సంఖ్య, రెండోదాంట్లో క్రోమోజోము, మూడోదాంట్లో క్రోమోజోము మీద దాని స్థానం, నాలుగోదాంట్లో రెండే అక్షరాలు, తల్లి వైపుదొకటి, తండ్రి వైపుదొకటి. ఒక వరస చదువుతాను: ఆర్‌ఎస్ 4149056, 12, 21331549, టీసీ. అంతే. దీని కథ కాసేపట్లో చెబుతాను. మన జన్యురాశిలో 300 కోట్లకు పైగా అక్షరాలున్నాయి కనుక, ఈ ఫైలు దాదాపు 5000 అక్షరాలకు ఒకదాన్ని మాత్రమే చూసిందని గుర్తుంచుకోండి.

ఇలాంటి ఫైళ్ళు చేతికొచ్చాక వాటిని కలుపుకుందామన్న ఆలోచన రావడం సహజం. జర్మనీ విద్యార్థులు కొందరు 2011లో ఓపెన్‌స్నిప్ అని ఒక ఉమ్మడి ఖజానా తెరిచారు. ఎవరైనా తమ ఫైలు అందులో వేయడానికి, ఎవరైనా తీసుకుని పరిశోధించడానికి వీలుండేది. అంతకు ఏడాది ముందే డీఐవై జీనోమిక్స్ అనే బృందం చేసిన చిన్న ప్రయోగం ఇక్కడ చెప్పుకోదగ్గది. ఫోలిక్ ఆమ్లాన్ని శరీరం వాడుకునే తీరును ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే జన్యువు కొంత నిర్ణయిస్తుంది. ఏడుగురు మనుషులు తమ 23అండ్‌మీ ఫైళ్ళలో ఆ జన్యువును చూసుకుని, రకరకాల బీ విటమిన్లు వేసుకుని, రక్తంలో ఆ వాడకాన్ని సూచించే హోమోసిస్టీన్ కొలిపించుకుని ఫలితాలు పోల్చారు. ఏడుగురితో తేలేదేముంది అనకండి. ఏం కొలవాలో వాళ్ళకు స్పష్టంగా తెలుసు. తర్వాత వచ్చిన చాలా పెద్ద గుంపులకు అది తెలియదు.

మందు దెబ్బ తిన్నవాళ్ళ గుంపులు ఎందుకు పుట్టాయో అర్థం చేసుకోవాలంటే రెండు మందులు చూడాలి. బట్టతలకు ఇచ్చే ఫినాస్టరైడ్‌కు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. మాత్ర ఆపేశాక కూడా లైంగిక సమస్యలు పోవడం లేదని కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 2011, 2012లలో గానీ అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మాట మందు కాగితం మీదికి ఎక్కించలేదు. ఆత్మహత్య ఆలోచనల సంగతి చేర్చడానికి 2022 దాకా పట్టింది. రెండోది మనింట్లో అందరికీ తెలిసిన మందే. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి క్వినోలోన్ యాంటీబయాటిక్స్. వీటితో కొందరికి మడమ వెనక స్నాయువు తెగుతుందని, అరికాళ్ళ మంటలు ఏళ్ళపాటు ఉండిపోతాయని ఒప్పుకోవడం కూడా అంచెలంచెలుగానే జరిగింది. యూరప్ నియంత్రణ సంస్థ 2018 జూన్‌లో బహిరంగ విచారణ పెట్టి బాధితులను పిలిచి వినాల్సి వచ్చింది. ‘అంతా మీ ఊహ’ అని డాక్టరు పంపించేసిన మనిషికి తనలాంటివాళ్ళు వెయ్యిమంది కనబడితే, అందులో సగం మంది దగ్గర డీఎన్‌ఏ ఫైలుంటే, ఏం చేస్తాడు? నేనైనా అదే చేస్తాను.

వాళ్ళకు ధైర్యమిచ్చే లెక్కలూ ఉన్నాయి. కొత్త మందును బజారులోకి వదిలే ముందు సాధారణంగా కొన్ని వేల మంది మీద పరీక్షిస్తారు. 10,000 మందిలో ఒకరికి వచ్చే దుష్ప్రభావం కనీసం ఒక్కసారైనా కంటబడుతుందని గట్టి భరోసా కావాలంటే 30,000 మందికి ఇచ్చి చూడాలి. కాబట్టి అరుదైన హాని పరీక్షల్లో బయటపడదు, బజారులోకి వచ్చాకే బయటపడుతుంది. మోసేది రోగే. మరో లెక్క. జన్యువు ప్రభావం బలంగా ఉంటే దాన్ని పట్టుకోవడానికి లక్షల మంది అక్కర్లేదు. మూర్ఛకు వాడే కార్బమజెపిన్‌తో కొందరికి ఒళ్ళంతా కాలినట్టు చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ వస్తుంది. 2004లో తైవాన్ పరిశోధకులు అలాంటి 44 మందిని పరీక్షిస్తే 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ-బీ 15:02 అనే జన్యురూపం ఉంది. అదే మందు వేసుకుని క్షేమంగా ఉన్న 101 మందిలో ముగ్గురికే ఉంది. తర్వాత దాదాపు 4900 మందికి మందు మొదలుపెట్టే ముందే పరీక్ష చేసి, ఆ రూపం ఉన్నవాళ్ళకు వేరే మందు ఇస్తే, ఆ భయంకరమైన రియాక్షన్ ఒక్కరికీ రాలేదు. నలభైనలుగురు! మామూలు బాధితుల గుంపులో అంతకంటే ఎక్కువ మందే ఉంటారు.

మరి వాళ్ళు ఎందుకు తైవాన్ వాళ్ళలా పట్టుకోలేకపోతున్నారు? ఇక్కడే నా అసలు మాట మొదలవుతుంది. వాళ్ళ దగ్గర కొరవడింది డీఎన్‌ఏ కాదు. అది 2012 చివరికే 99 డాలర్లకు దొరికింది. కొరవడింది ఎవరికి, ఏ మందుతో, ఎంత మోతాదులో, ఎన్నాళ్ళకు, ఏమైందన్న నికరమైన చిట్టా.

ఇందాక చదివిన వరస దగ్గరికి వద్దాం. కొలెస్ట్రాల్‌కు ఇచ్చే సిమ్వాస్టాటిన్ కొందరి కండరాలను దెబ్బతీస్తుంది. సుమారు 12,000 మంది పాల్గొన్న సెర్చ్ అనే బ్రిటిష్ పరీక్షలో, రోజుకు 80 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళలో కండరాలు దెబ్బతిన్న 85 మందిని, ఏమీ కాని 90 మందిని పక్కపక్కన పెట్టి 3 లక్షల జన్యుగుర్తులు పోల్చారు. 2008లో ఫలితం వచ్చింది. అన్నిట్లోనూ ఒకే ఒక చోటు నిలబడింది: కాలేయంలోకి మందును లాగే ఎస్‌ఎల్‌సీఓ1బీ1 జన్యువు. ఆ చోట రెండూ సీలే ఉన్నవాళ్ళలో 18 శాతానికి కండరాలు దెబ్బతిన్నాయి. ఒక టీ, ఒక సీ ఉంటే 3 శాతం. రెండూ టీలే అయితే 0.6 శాతం. ఇందాకటి ఫైలులో టీసీ అన్న ఆ రెండక్షరాలు ఇవే. 23అండ్‌మీ ఫైలున్న స్టాటిన్ బాధితుడు ఈ వరసను తనే వెతుక్కోవచ్చు. కానీ ఈ 85 మందిని ఎలా ఎంచారో గమనించండి. అందరిదీ ఒకే మందు, ఒకే మోతాదు. నొప్పి ఉందన్న మాట మీద కాదు, రక్తంలో కండరాల ఎంజైము పెరిగిందని కొలిచి ఎంచారు. మందు వేసుకుని ఏమీ కాని వేలమంది ఎవరో కూడా తెలుసు.

ఇప్పుడు అదే స్టాటిన్ల మీద మరో ప్రయోగం. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు చేసిన శామ్సన్ అధ్యయనం 2020లో వచ్చింది. స్టాటిన్ పడక మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదికి సరిపడా సీసాలిచ్చారు: నాలుగు నెలలు అసలు మాత్ర, నాలుగు నెలలు ఉత్తుత్తి మాత్ర, నాలుగు నెలలు ఖాళీ సీసా. ఏ నెలలో ఏది వస్తుందో వరస ముందుగా తెలియదు; మాత్ర ఉన్న నెలల్లో అది అసలుదో ఉత్తుత్తిదో కూడా తెలియదు. రోజూ బాధకు 100కి ఎన్ని మార్కులో ఫోనులో వేయాలి. మాత్ర లేని నెలల్లో సగటు 8. అసలు మాత్ర నెలల్లో 16.3. ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4! వీళ్ళు అబద్ధం చెప్పారా? లేదు. నొప్పి నిజం, దానితో నిద్ర పట్టకపోవడం నిజం. కాకపోతే దానిలో చాలా భాగం మందు రసాయనం వల్ల కాక, మాత్ర మింగుతున్నామన్న భయం వల్ల వచ్చింది. ఫలితం చూపించాక వాళ్ళలో సగం మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు.

రెండు ప్రయోగాలూ కలిపి చూడండి. సెర్చ్‌లోని 85 మందిలాంటి వాళ్ళు, శామ్సన్‌లోని 60 మందిలాంటి వాళ్ళు ఒకే బాధితుల గుంపులో చేరతారు. ఇద్దరూ చెప్పేది ఒకటే: ‘మాత్ర వేసుకున్నాక కాళ్ళు పీకుతున్నాయి.’ ఇద్దరి డీఎన్‌ఏనూ కలిపేస్తే మొదటివాళ్ళలోని సీ అక్షరం రెండోవాళ్ళ జనంలో మునిగిపోతుంది. ఫైళ్ళు ఎంత పెరిగితే అంత మేలనుకుంటాం. లక్షణాల చిట్టా సరిగా లేకపోతే, పెరిగినకొద్దీ చెడుతుంది.

ఈ మాట నాకు పుస్తకాల్లోంచి మాత్రమే తెలిసింది కాదు. పాఠం చెప్పే రోజుల్లో మా వార్డుకు ఒకావిడ వచ్చింది. చేతివేళ్ళు వంకర తిరిగిన కీళ్లవాతం. నోరంతా పుళ్ళు, మంచినీళ్ళు కూడా మింగలేదు, తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఇంటర్నీలు జన్యులోపం గురించి చర్చ మొదలుపెట్టారు. నర్సమ్మ ఆవిడ సంచీ విప్పి మాత్రల స్ట్రిప్ బయటికి తీసింది. వారానికి ఒకటి చొప్పున నెలకు నాలుగు మాత్రలు పోవాల్సిన చోట పది మాత్రల స్ట్రిప్ ఖాళీ, రెండో స్ట్రిప్ సగం. ‘మామూలు మాత్రలాగే పొద్దున్నే టిఫిన్ అయ్యాక వేసుకుంటున్నానయ్యా’ అంది. మెథోట్రెక్సేట్‌ను వారం మాత్ర అని చెప్పకుండా, లేదా చెప్పినా రోజూ వేసుకునేలా ఇచ్చేయడం వల్ల జరిగే ప్రమాదాలు అన్ని దేశాల్లోనూ నమోదయ్యాయి. ఆవిడ డీఎన్‌ఏ ఫైలు ఏదో ఖజానాలో చేరి ఉంటే, ‘మెథోట్రెక్సేట్ పడలేదు’ అన్న గడిలో ఆవిడ పేరు పక్కన టిక్కు పడేది. ఆ తర్వాత ఏ ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ మీదో నింద పడేది. ఆ జన్యువుకూ మెథోట్రెక్సేట్ హానికీ లంకె ఉందని కొన్ని అధ్యయనాలు, లేదని కొన్ని చెబుతూనే ఉన్నాయి. అందులో ఎంత భాగం ఇలాంటి చిట్టాల గందరగోళమో ఎవరు చెప్పగలరు?

సుబ్బారావుగారి మరో మందు ఇంకా విచిత్రమైన పాఠం చెబుతుంది. బోదకాలు నివారణకు ఊళ్ళలో పంచే డీఈసీ మాత్రలు ఆయన బృందం ఇచ్చినవే. మాత్ర వేసుకున్న రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు. దాంతో ‘మా ఊరికి ఈ మాత్ర పడదు’ అని పంపిణీకి వచ్చిన ఆశా కార్యకర్తలను వెనక్కి పంపిన ఊళ్ళున్నాయి. చాలావరకు ఆ జ్వరం మందు తెచ్చింది కాదు. ఒంట్లో ఉన్న పురుగు పిల్లలు చచ్చిపోతూ తెప్పించింది. అంటే జ్వరం వచ్చినవాళ్ళకే ఆ మాత్ర ఎక్కువ అవసరం. వాళ్ళందరి డీఎన్‌ఏ తీసి వెతికితే దొరికేది మందు పడని జన్యువు కాదు. దోమ కుట్టిన వీధి.

ఇక ఈ పరీక్షల్లో డీఎన్‌ఏను చదివే చిప్ వల్ల, లెక్కల వల్ల వచ్చే తప్పులు త్వరగా చెప్పేస్తాను. 6 లక్షల చోట్లను ఒక్కొక్కటిగా చూస్తూ, నూటికి ఐదుసార్లు కాకతాళీయంగా జరిగేదాన్ని కూడా ఫలితమే అని ఒప్పుకుంటే, ఏ సంబంధమూ లేకపోయినా 30,000 ‘దోషులు’ దొరుకుతారు. అందుకే శాస్త్రజ్ఞులు పది కోట్లలో ఐదు అన్నంత కఠినమైన గీత గీసుకున్నారు. అరుదైన జన్యుమార్పుల విషయంలో చిప్ చదువు మరీ అధ్వానం. ఇళ్ళలో చేయించుకున్న పరీక్షల ముడి ఫైళ్ళలో కనబడిన మార్పులను ఒక అమెరికా ప్రయోగశాల మళ్ళీ పరీక్షిస్తే 40 శాతం అసలు లేవని 2018లో తేలింది. చాలా అరుదైన మార్పుల్లో తప్పులే ఎక్కువని 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. నొప్పి మాత్రల నుంచి మానసిక వ్యాధుల మందుల దాకా ఎన్నింటినో కరిగించే సీవైపీ2డీ6 జన్యువు కొందరిలో రెండు మూడు నకళ్ళుగా ఉంటుంది. నకళ్ళు లెక్కపెట్టడం ఈ మామూలు చిప్‌ల వల్ల అయ్యే పని కాదు. 2018లో 23అండ్‌మీకి మందుల నివేదిక ఇవ్వడానికి ఎఫ్‌డీఏ అనుమతిచ్చినప్పుడు కూడా చూపించొచ్చన్నది 33 మార్పులే, అదీ దాన్ని చూసి సొంతంగా మందు మార్చకూడదన్న షరతుతో.

ఇన్ని చెప్పాక రోగులు ఈ పని మానుకోవాలా? వద్దు. సరిగా చేసినవాళ్ళున్నారు. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బులో కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడి, ఎక్కువమంది కొన్నేళ్ళలోనే పోతారు. 2008లో ఇటలీ నుంచి ఒక వ్యాసం వచ్చింది: లిథియం ఇచ్చిన 16 మందిలో 15 నెలల్లో ఒక్కరూ చనిపోలేదని, ఇవ్వని 28 మందిలో దాదాపు మూడో వంతు పోయారని. ఎదురుచూసే వ్యవధి లేనివాళ్ళు ఆగుతారా? డాక్టర్లను ఒప్పించి లిథియం మొదలుపెట్టారు. తమ తోడబుట్టిన స్టీఫెన్‌కు ఆ జబ్బు వచ్చాక జేమ్స్, బెన్ హేవుడ్‌లు స్థాపించిన పేషెంట్స్ లైక్ మీ సంస్థలో వాళ్ళంతా మోతాదు, తేదీలు, నెలనెలా ఒంటి పటుత్వం మార్కులు రాస్తూ వచ్చారు. తెలివైన పని ఆ తర్వాత చేశారు. లిథియం వేసుకున్న 149 మందిలో ఒక్కొక్కరికీ, మందు మొదలుకాక ముందు జబ్బు అదే వేగంతో ముదురుతున్న, లిథియం వేసుకోని జోడీలను వెతికి పెట్టారు. 2011లో నేచర్ బయోటెక్నాలజీలో ఫలితం: లిథియం పనిచేయలేదు. తర్వాత జరిగిన పద్ధతైన పరీక్షలూ అదే చెప్పాయి. ఆ రోగులు కోరుకున్న జవాబు అది కాదు. అయినా వాళ్ళే రాసుకున్న లెక్కలు వాళ్ళ ఆశకు వ్యతిరేకంగా తేల్చాయి, వాళ్ళు దాన్ని అచ్చు వేయనిచ్చారు. రోగులు చేసే పరిశోధనకు ఇంతకంటే మంచి యోగ్యతాపత్రం నాకు తెలియదు. ఇందులో ఒక్క డీఎన్‌ఏ అక్షరమూ లేదని కూడా గమనించండి.

అంత దూరం పోనక్కర్లేదు, మన తెలుగునేల మీదే ఒక కథ ఉంది. ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే మందు సక్సినైల్‌కోలిన్. థియేటర్‌లో అందరూ స్కోలిన్ అంటారు. మామూలు మనిషికి దాని ప్రభావం కొద్ది నిమిషాలు. రక్తంలో దాన్ని విరగ్గొట్టే ఎంజైము లేనివాళ్ళకు గంటల తరబడి ఊపిరి ఆడదు. వెంటిలేటర్ మీద ఉంచి, మందు ప్రభావం దానంతటదే తగ్గేదాకా కాచుకోవాలి. వైశ్య కుటుంబాల్లో ఇది ఎక్కువని మన మత్తు డాక్టర్లు ఎప్పుడో పసిగట్టారు. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ ఎంజైము లోపం అసాధారణంగా ఎక్కువని 1979లోనే హ్యూమన్ జెనెటిక్స్ పత్రికలో వచ్చింది. ‘మా పెదనాన్నకు ఆపరేషన్‌లో మెలకువ రావడం ఆలస్యమైంది, ఆ ఇంజెక్షన్ వద్దన్నారట’ అని రోగి బంధువులు ముందుగానే చెప్పడం, డాక్టరు వేరే మందు వాడటం సాధారణమైపోయింది. హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2017లో నేచర్ జెనెటిక్స్‌లో రాసిన వ్యాసం దీన్ని దక్షిణాసియా మొత్తానికి ఉదాహరణగా చూపింది: 30 లక్షలకు పైగా ఉన్న సమాజంలో, మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు 100 రెట్లు ఎక్కువగా ఈ లోపం. ఎన్నో తరాలుగా తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకోవడం దీనికి మూలం.

ఆ సమాజంలో అందరికీ ఇది ఉండదు, బయటివాళ్ళకు రాదనీ కాదు; కులం పేరు అడిగి ఊరుకోవడం కంటే ఎంజైము పరీక్ష చేయించడం మేలు. నేను చెప్పదలచింది వేరు. ఇక్కడ మందు ఒక్కటే, మోతాదు తెలుసు, ఎన్ని నిమిషాలకు ఊపిరి తిరిగి వచ్చిందో గోడ గడియారం చూసి కేస్‌షీట్‌లో రాసే మనిషి పక్కనే ఉన్నాడు. ఆ సమాచారం కుటుంబాల్లో, డాక్టర్ల మధ్య చేతులు మారింది. అలా పదుల ఏళ్ళు నడిచాక చివర్లో డీఎన్‌ఏ వచ్చి, మార్పు ఫలానా చోట ఉందని సంతకం పెట్టింది. చిట్టా ముందు, చిప్ వెనక.

మనవాళ్ళ డీఎన్‌ఏ అసలు లెక్కలోకే రాలేదని అనుకోకండి. ప్రపంచ పరిశోధకులందరూ వాడే వెయ్యి జన్యురాశుల ప్రాజెక్టులోని 26 జనసమూహాల్లో ఒకటి తెలుగువాళ్ళది. కాకపోతే నమూనాలిచ్చింది బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇక్కడ 10,000 మంది జన్యురాశులతో జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. మంచిదే. ఆ పదివేల మందిలో ఎవరికి ఏ మందు పడలేదో తెలిస్తే ఇంకా మంచిది.

కలబోసుకున్న సొమ్ముకు కాపలా ఎవరన్న ప్రశ్న మిగిలింది. 23అండ్‌మీలో 2018లో ఒక పెద్ద మందుల కంపెనీ 30 కోట్ల డాలర్లు పెట్టింది. రోగులు తమ ఫైళ్ళు తామే కలుపుకుంటే పిల్లచేష్ట అన్నవాళ్ళకు, అవే ఫైళ్ళు కంపెనీ కలిపితే పరిశోధన అనిపించింది. 2023లో దొంగలు సుమారు 14,000 ఖాతాల తాళాలు తీసి, బంధువులను చూపించే సదుపాయం ద్వారా 69 లక్షల మంది వివరాలు చూశారు. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కోటిన్నర మంది ఉమ్మి తాలూకు సమాచారం వేలానికొచ్చి, చివరికి సహ వ్యవస్థాపకురాలు ఆన్ వోజిట్స్కీ పెట్టిన లాభాపేక్ష లేని సంస్థకు 30 కోట్ల 50 లక్షల డాలర్లకు దక్కింది. ఆ ఏప్రిల్ చివర్లోనే ఓపెన్‌స్నిప్ తన ఖజానా మూసేసి, ఉన్నదంతా చెరిపేసింది. ఎవరి చేతిలో పడుతుందో తెలియని రోజుల్లో ఇక తెరిచి ఉంచలేమన్నారు దాన్ని కట్టినవాళ్ళే. వాళ్ళ నిర్ణయం సబబని నా అభిప్రాయం. ఒకసారి బయటపడ్డ డీఎన్‌ఏను పాస్‌వర్డ్ మార్చినట్టు మార్చుకోలేం, పైగా అది అన్నదమ్ములదీ, పిల్లలదీ కూడా.

కాబట్టి అమెరికాలో ఉన్న మీ అబ్బాయి కిట్ పంపిస్తానంటే తొందరపడకండి. అంతకు ముందు చేయాల్సిన పని ఖర్చు లేనిది, ఇంకా మనం చేయనిది. మందుల చీటీ పారేయొద్దు. పేరు కనబడకుండా స్ట్రిప్ కత్తిరించి కాగితంలో చుట్టిచ్చే మాత్రలు తీసుకోవద్దు; పేరు చెప్పమని, రాసివ్వమని అడగండి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రోజు మొదలు, ఏ రోజు బాధ, ఆపితే తగ్గిందా, అప్పుడు ఇంకేం వేసుకుంటున్నారు, నాటుమందు, ఆయుర్వేదం సహా, ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. మందు పడలేదని అనుమానం వస్తే డాక్టరుకు చెప్పాక, 2010 నుంచి నడుస్తున్న భారత ఔషధ నిఘా కార్యక్రమానికి కూడా చెప్పండి. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. ఫిర్యాదు డాక్టరే చేయాలని లేదు, రోగి కూడా చేయొచ్చు. రేపు డాక్టర్లు కాబోతున్న మీకు, ఫార్మసీ కౌంటర్ వెనక నిలబడబోతున్న మీకు నా విన్నపం ఒక్కటే: రోగి ‘ఈ మందు నాకు పడలేదు’ అన్నప్పుడు ఊహ అని పంపించేయకండి, జన్యువు అని తేల్చేయకండి. తేదీ అడగండి, మోతాదు అడగండి, ఔషధ నిఘా కార్యక్రమం ఫారం ఆ రోజే నింపండి.